మొదటి ఫిక్సీ: ముందు ఆగడం సంగతి చూడండి

ఫిక్స్‌డ్ గేర్ సైకిల్, అంటే చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరుగుతూనే ఉండే ఫిక్సీ, కొనాలనుకుంటున్నామని సలహా అడిగేవాళ్లు చాలామంది చేతిలో ఒక ఫొటోతో వస్తారు. సన్నటి ఫ్రేము, లోతైన రిమ్ములు, భుజాల కంటే బాగా ఇరుకైన హ్యాండిల్, ఎక్కడా ఒక్క కేబుల్ కూడా కనిపించని శుభ్రమైన రూపం. చూడగానే మనసు లాగుతుంది, కాదనను. నాకూ ఆ రూపమంటే ఇష్టమే. కానీ ఫొటో చేతికి రాగానే నా చూపు ముందు చక్రం పైన, ఫోర్కు రెండుగా చీలే చోటికి వెళ్తుంది. అక్కడ బ్రేకు ఉందా? లేకపోతే బ్రేకు బిగించుకోవడానికి కనీసం రంధ్రమైనా ఉందా? రెండూ లేకపోతే, మిగతా సైకిల్ ఎంత బాగున్నా సరే, మొదటి ఫిక్సీగా అది వద్దనే చెబుతాను.

ఈ జవాబు చాలామందికి రుచించదు. ఫిక్సీ అంటేనే కాళ్లతో ఆపేది కదా, బ్రేకు పెట్టాక ఇంకెక్కడి ఫిక్సీ అని అడుగుతారు. వాళ్లకు నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగే సమాధానం కాదు ఇది, అందుకే రాస్తున్నాను. నా వాదన ఒక్కటే: మొదటిసారి కొనే ఫిక్సీని ఎంత వేగం అందుకుంటుందో చూసి కాదు, ఎంత తేలిగ్గా వేగం తగ్గుతుందో చూసి ఎంచుకోవాలి. బ్రేకు, పళ్ల లెక్క, వెనక హబ్ (చక్రం నడిమి భాగం), క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) పొడవు, పెడళ్లు, ఫ్రేము కొలత... దేని గురించి తేల్చుకోవాలన్నా ఇదే గీటురాయి.

మామూలు సైకిల్లో వెనక చక్రానికి ఫ్రీవీల్ ఉంటుంది. దాని లోపలి చిన్న మీటలు ముందుకు తొక్కినప్పుడు పట్టుకుంటాయి, తొక్కడం ఆపితే జారిపోతాయి. ఏటవాలులో మనం కాళ్లు కదపకుండా కూర్చున్నప్పుడు వినిపించే టికటిక శబ్దం వాటిదే. ఫిక్సీలో ఆ మీటలు లేవు. వెనక పళ్లచక్రం నేరుగా హబ్‌కే బిగించి ఉంటుంది. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్లు తిరుగుతాయి, పెడళ్లు తిరుగుతున్నంతసేపూ కాళ్లు తిరగాల్సిందే. వెనక్కి తొక్కితే చక్రం కూడా వెనక్కి తిరుగుతుంది. మలుపులో, గుంత మీద, దిగువలో, కుక్క అడ్డొచ్చినప్పుడు, ఏ సందర్భంలోనూ కాళ్లకు విరామం ఉండదు. ఈ సైకిల్‌లోని ఆనందమంతా ఇందులోనే ఉంది. రోడ్డు ఎత్తు, పల్లం, గాలి, టైరు పట్టు అన్నీ అరికాలికి తెలుస్తూ ఉంటాయి. ప్రమాదమూ ఇందులోనే ఉంది.

ఏళ్ల తరబడి మామూలు సైకిల్ తొక్కిన కాళ్లు ఒక అలవాటుకు వచ్చేసి ఉంటాయి. ప్రమాదం కనబడగానే అవి బిగుసుకుని ఆగిపోతాయి. ఫిక్సీ మీద అలా ఆగబోతే పెడల్ కాలిని పైకి ఎత్తి విసిరేస్తుంది. సీటు మీద నుంచి మనిషి ఒక్కసారి ఎగిరిపడినట్టవుతుంది. మొదటి రోజుల్లో ఇది ఎవరికైనా జరుగుతుంది. అందుకే కొత్తవాళ్లకు, సరిగ్గా కాళ్ల మీద అదుపు తప్పిన ఆ క్షణంలోనే, కాళ్లతో సంబంధం లేకుండా పనిచేసే సాధనం ఒకటి చేతికింద ఉండాలి. అదే ముందు బ్రేకు.

కాళ్ల బలంతోనే ఆపేయొచ్చనే నమ్మకం ఉన్నవాళ్ల కోసం లెక్క వేసి చూపిస్తాను. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు అనుకుందాం. వేగం గంటకు 25 కిలోమీటర్లు. ముందు చైన్‌వీల్‌కు (పెడళ్ల దగ్గరి పళ్లచక్రానికి) 44 పళ్లు, వెనక 17 పళ్లు, క్రాంకు పొడవు 165 మిల్లీమీటర్లు. ఈ అమరికలో వెనక టైరు నేలను 10 కిలోల బలంతో పట్టి ఆపాలంటే, పెడళ్ల మీద కాళ్లు సగటున 53 కిలోల బలంతో ఎదురొత్తాలి. ఆ ఒత్తిడిని ప్రతి చుట్టులోనూ, చుట్టు పొడవునా, ఎక్కడా సడలకుండా పెట్టగలిగినా సైకిల్ ఆగేసరికి దాదాపు 20 మీటర్లు పడుతుంది. నిజానికి చుట్టంతా అలా ఎదురొత్తడం ఎవరివల్లా కాదు. వెనక నుంచి పైకి లేచి వస్తున్న పెడల్ మీద కొద్దిసేపు మాత్రమే కాలికి పట్టు దొరుకుతుంది. అదే వేగంలో, పొడి రోడ్డు మీద, అలవాటు పడిన చేయి మంచి ముందు బ్రేకును గట్టిగా నొక్కితే ఆగే దూరం 5 మీటర్లు. ఈ లెక్కల్లో ప్రమాదాన్ని గమనించడానికి పట్టే సమయం కలపలేదు. అది రెండింటికీ సమానమే.

అయితే స్కిడ్ చేస్తాం అంటారు. బరువు ముందుకు వేసి, కాళ్లు బిగబట్టి, వెనక చక్రాన్ని లాక్ చేసి జారించడం. చూడటానికి బాగుంటుంది, నేర్చుకోదగ్గ విద్యే. కానీ వేగం తగ్గుతున్నప్పుడు బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన టైరు నేలను ఎంత పట్టగలదు? ఎంత నేర్పరి చేసినా వెనక చక్రంతో మాత్రమే ఆగడానికి, ముందు చక్రంతో ఆగేదానికి సుమారు రెట్టింపు దూరం కావాలి. ఇది కాళ్ల సత్తాకు సంబంధించిన విషయం కాదు. సాధనతో మారేది కూడా కాదు.

మరి ట్రాక్ రేసర్లు బ్రేకులు లేకుండానే తొక్కుతారు కదా? తొక్కుతారు. సైకిల్ పందేల కోసం కట్టిన వెలోడ్రోములో అందరూ ఒకే దిశలో వెళ్తారు. అడ్డంగా ఎవరూ రారు. 250 మీటర్ల ట్రాక్ మలుపులు 40 డిగ్రీలకు పైగా వాలి ఉంటాయి. రేసు అయ్యాక ఆ వాలు మీదికి ఎక్కుతూ, చుట్లు కొడుతూ నిదానంగా వేగం తగ్గించుకుంటారు. అక్కడ ఎవరి దగ్గరా బ్రేకు లేకపోవడమే రక్షణ, ఎందుకంటే ముందున్నవాడు హఠాత్తుగా ఆగితే వెనకున్న వాళ్లంతా కూలిపోతారు. జపాన్‌లో 1948లో కొకురాలో మొదలైన కేరిన్ అనే ట్రాక్ సైకిల్ పందేల్లోనూ ఇదే పద్ధతి. అంటే బ్రేకు లేని సైకిల్ ఒక ప్రత్యేకమైన చోటికి, అక్కడి నియమాలకు తగ్గట్టు తయారైంది. న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి నగరాల్లో ఉత్తరాలూ పొట్లాలూ చేరవేసే కుర్రాళ్లు దాన్ని వీధుల్లోకి తెచ్చారు. రోజంతా సైకిల్ మీదే బతికే వాళ్లు చేయగలిగే పని, నిన్న కొన్నవాళ్లు చేయగలిగే పని ఒకటి కాదు. చట్టాలు కూడా ఈ తేడాను గుర్తించాయి. బ్రిటన్‌లో 1983 నాటి నిబంధనల ప్రకారం రోడ్డు మీద తొక్కే ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌కు ముందు బ్రేకు ఉండి తీరాలి. జర్మనీలోనైతే ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పనిచేసే రెండు బ్రేకులు ఉండాలి.

కాబట్టి ముందు బ్రేకు విషయంలో నేను పిసరంత కూడా తగ్గను. బ్రేకు ఉందని చూడటంతో సరిపోదు, రిమ్ పక్కభాగం కూడా చూడాలి. బ్రేకు రబ్బర్లు ఒరిసే చోట రిమ్ చదునుగా, చెక్కి నునుపు చేసిన లోహం బయటికి కనిపిస్తూ ఉండాలి. రంగురంగుల రిమ్ములు చాలావాటికి ఆ చోట కూడా రంగే ఉంటుంది. నాలుగు రోజులు తొక్కేసరికి ఆ రంగు మచ్చలు మచ్చలుగా లేచిపోతుంది. అది పోయేదాకా బ్రేకు పట్టు కూడా ఒక తీరున ఉండదు, వానలో మరీ అధ్వానం. బ్రేకు లివర్ కూడా, చేతులు మామూలుగా పెట్టుకునే చోటు నుంచే వేళ్లకు అందాలి. హ్యాండిల్ మధ్యలో అలంకారంగా పెట్టిన లివర్ అవసరానికి అక్కరకు రాదు.

ఇక పళ్ల లెక్క. కొత్తవాళ్లు దాదాపుగా పట్టించుకోనిది, కొన్న మర్నాటి నుంచి ప్రతి అడుగునూ శాసించేది ఇదే.

ముందు పళ్లను వెనక పళ్లతో భాగిస్తే, పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. 44ను 17తో భాగిస్తే సుమారు 2.6. 48ని 15తో భాగిస్తే 3.2. ఈ సంఖ్యను చక్రం వ్యాసంతో గుణించి అంగుళాల్లో చెప్పడం పాత అలవాటు. దాని పుట్టుక పెద్ద చక్రం సైకిళ్ల కాలం నాటిది. అప్పట్లో పెడళ్లు నేరుగా ముందు చక్రానికే ఉండేవి. చక్రం ఎంత పెద్దదైతే ఒక్కో తొక్కుకు అంత దూరం. మనిషి కాలి పొడవు మించకూడదు కనుక ఆ చక్రాలు సుమారు 50 నుంచి 60 అంగుళాల దగ్గర ఆగిపోయాయి. చైన్ వచ్చాక ఆ హద్దు పోయింది. ఈరోజు 700 కొలత రిమ్, 28 మిల్లీమీటర్ల టైరు ఉన్న సైకిల్‌కు 44/17 పెడితే దాదాపు 69 అంగుళాలు, 48/15 పెడితే దాదాపు 86 అంగుళాలు వస్తాయి. 86 అంగుళాల చక్రం మీదికి ఎవరి కాలూ అందేది కాదని గుర్తు పెట్టుకుంటే, ఆ గేరు ఎంత బరువో ఊహకు అందుతుంది.

పెద్ద గేరు కొనమని చెప్పేవాళ్ల వాదన ఇలా ఉంటుంది: చిన్న గేరుతో త్వరలోనే విసుగొస్తుంది, వేగంగా వెళ్లాలంటే కాళ్లు మరీ గిరగిరా తిప్పాలి, ఎలాగూ బలం పెరుగుతుంది కనుక ముందే పెద్దది తీసుకోవడం మేలు. అందులో కొంత నిజముంది. నిమిషానికి 90 చుట్లు తొక్కితే 44/17తో గంటకు దాదాపు 30 కిలోమీటర్లు, 48/15తో దాదాపు 37 కిలోమీటర్లు వస్తాయి. గంటకు 45 కిలోమీటర్ల దిగువలోనైతే చిన్న గేరులో కాళ్లు నిమిషానికి 136 సార్లు తిరగాలి. అంత వేగం కొత్తవాళ్ల కాళ్లకు అలవికాదు.

కానీ ఈ వాదన చేసేవాళ్లు సగమే చెబుతారు. వేగాన్ని పెంచేటప్పుడే కాదు, తగ్గించేటప్పుడూ అదే గేరు. ఇందాక చెప్పిన లెక్కలో 10 కిలోల పట్టుకు పెడల్ మీద 53 కిలోలు పెట్టాం. 48/15తో అది 66 కిలోలవుతుంది. ఆ అదనపు భారమంతా మోకాలి మీదే. నిలుచున్న చోటి నుంచి కదలడం కష్టం, ఎత్తు ఎక్కడం కష్టం, అన్నిటికంటే ముఖ్యంగా, రద్దీలో మెల్లగా వెళ్లడం కష్టం. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో పెద్ద గేరు మీద కాళ్లు నిమిషానికి 37 చుట్లే తిరుగుతాయి. ఒక్కో చుట్టు ఈడ్చుకుంటూ వెళ్తుంది, సైకిల్ మీద అదుపు పలచబడుతుంది. చిన్న గేరులో 45 చుట్లు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, కాలికి బాగా తెలుస్తుంది. దిగువల సంగతికొస్తే, అక్కడ వేగం పెరగనీయకుండా పై నుంచే ముందు బ్రేకు మీద చేయి ఉంచి దిగాలి. కాళ్లు అదుపు తప్పేంత వేగం కొత్తవాళ్లు అందుకోకూడదు. చిన్న గేరు ఆ హద్దును ముందే గీసి పెడుతుంది, నాకు అది లోపంగా కాదు, గుణంగానే కనిపిస్తుంది.

65 నుంచి 72 అంగుళాల మధ్య ఏదైనా మొదటి సైకిల్‌కు సరిపోతుంది. 42/16, 44/17, 46/18 అన్నీ ఆ పరిధిలోవే. దుకాణాల్లో తయారుగా దొరికేవాటికి తరచుగా 46/16 ఉంటుంది, అంటే 77 అంగుళాలు. సైకిల్ మిగతా విధాలా నచ్చితే దాన్ని వదులుకోనక్కర్లేదు. వెనక పళ్లచక్రాన్ని 18 పళ్లదానితో మార్పించుకుంటే చాలు. తక్కువ ఖర్చుతో సైకిల్ స్వభావాన్ని ఇంతగా మార్చే మార్పు ఇంకొకటి లేదు. చైన్ కొంచెం పొడవు కావలసి రావచ్చు, అంతే.

స్కిడ్ నేర్చుకోవాలనే వాళ్ల కోసం ఒక మాట. ముందు, వెనక పళ్ల నిష్పత్తిని చిన్న భిన్నంగా మార్చినప్పుడు కింద మిగిలే సంఖ్య, ఎప్పుడూ ఒకే కాలు ముందుంచి స్కిడ్ చేసే వాళ్లకు టైరు ఎన్ని చోట్ల అరుగుతుందో చెబుతుంది. 48/16 అంటే 3/1, అంటే ప్రతిసారీ టైరులో ఒకటే చోటు నేలకు ఒరుసుకుంటుంది, త్వరలోనే అక్కడ చిల్లు పడుతుంది. 44/17లో ఆ అరుగుదల 17 చోట్ల పంచుకుంటుంది.

వెనక హబ్ గురించి మాత్రం కాస్త తీరిగ్గా చెప్పాలి. పైకి కనిపించదు కనుక మోసపోయే అవకాశం ఎక్కువగా ఉండేది ఇక్కడే. సరైన ట్రాక్ హబ్‌ను పళ్లచక్రం విప్పి చూస్తే దాని మీద రెండు మెట్లుగా మరలు కనిపిస్తాయి. లోపలి పెద్ద మెట్టు మీద మామూలు మర, దాని మీదికి పళ్లచక్రం ఎక్కుతుంది. బయటి చిన్న మెట్టు మీద మర ఎడమవైపు తిరుగుతుంది, దాని మీదికి పళ్లచక్రాన్ని అదిమి పట్టే లాక్‌రింగ్ ఎక్కుతుంది. మనం కాళ్లతో వెనక్కి ఒత్తినప్పుడు పళ్లచక్రం విప్పుకోవడానికి చూస్తుంది. అది విప్పుకునే దిశలో లాక్‌రింగ్‌ను తోస్తే, ఎడమ మర కారణంగా లాక్‌రింగ్ ఇంకా బిగుసుకుంటుంది. ఇంత చిన్న ఏర్పాటు మీదే కాళ్లతో ఆపడమనే పని మొత్తం నిలబడి ఉంది.

కొందరు మామూలు ఫ్రీవీల్ హబ్ మీదే పళ్లచక్రం బిగించి, పైన ఇంకెక్కడిదో ఒక రింగు తిప్పి, జిగురు పూసి ఫిక్సీ అని అమ్మేస్తారు. ఫ్రీవీల్ మర, పళ్లచక్రం మర ఒకదానికొకటి సరిపోతాయి కనుక ఎక్కడం ఎక్కుతుంది. పై రింగు మర కూడా అదే దిశలో ఉంటుంది కనుక రెండూ కలిసి విప్పుకుంటాయి. అది కూడా ఎప్పుడు? అత్యవసరంగా వెనక్కి గట్టిగా ఒత్తిన క్షణంలో. పాత సైకిల్ కొంటున్నా, ఎవరైనా మార్చి తయారు చేసినది కొంటున్నా, లాక్‌రింగ్ విప్పించి ఆ రెండో మెట్టును కళ్లారా చూడందే డబ్బు చేతిలో పెట్టవద్దు. వేలి కొనతో తడిమినా తెలుస్తుంది: పెద్ద మర అయిపోయాక అంచు దిగి, చిన్న మర మొదలవ్వాలి. అమ్మేవాళ్లు విప్పడానికి ఒప్పుకోకపోతే ఆ సైకిల్‌కు దండం పెట్టి వచ్చేయండి.

కొత్త సైకిల్‌లోనూ ఒక జాగ్రత్త ఉంది. ఎత్తులు ఎక్కేటప్పుడు కాలి బలానికి పళ్లచక్రం మర మీద ఇంకొంచెం బిగుసుకుని లోపలికి జరుగుతుంది. అప్పుడు లాక్‌రింగ్‌కూ దానికీ మధ్య సందు ఏర్పడుతుంది. కనుక మొదటి కొద్ది ప్రయాణాల తర్వాత లాక్‌రింగ్‌ను దాని స్పానర్‌తో మళ్లీ బిగించుకోవాలి.

చాలా హబ్‌లకు ఒకవైపు పళ్లచక్రం, రెండోవైపు ఫ్రీవీల్ బిగించుకునే వీలుంటుంది. చక్రం విప్పి తిప్పి పెట్టుకుంటే ఫిక్సీ కాస్తా మామూలు సైకిల్ అవుతుంది. ఇది పాత ఉపాయమే. టూర్ డి ఫ్రాన్స్‌లో జట్ల రేసర్లకు గేర్లు మార్చే డిరైల్యూర్ వాడుకునే వీలు 1937లో గానీ రాలేదు. అంతకుముందు వాళ్లు కొండ మొదట్లో దిగి, వెనక చక్రం తిప్పి పెట్టుకుని ఎక్కేవారు. ఈ రెండువైపుల హబ్ తీసుకోండి, మోకాలు నొప్పి పెట్టిన రోజున ఆదుకుంటుంది. అయితే ముందు ఫ్రీవీల్‌తో కొన్నాళ్లు తొక్కి తర్వాత ఫిక్స్‌డ్‌కు మారమనే సలహా నాకు సమ్మతం కాదు. ఫ్రీవీల్ మీద తొక్కినన్నాళ్లూ కాళ్లు పాత అలవాటునే బలపరుచుకుంటాయి. ఫిక్స్‌డ్‌కు మారిన రోజున మళ్లీ మొదటికే వస్తారు. పైగా ఇంకో చిక్కు ఉంది. ఫ్రీవీల్ వైపు తిప్పగానే కాళ్లతో ఆపడం పోతుంది, మిగిలేది ఒక్క ముందు బ్రేకే. అంటే వెనక బ్రేకు కూడా తప్పనిసరి అవుతుంది. ఫ్రేములో దానికీ చోటుందో లేదో కొనేటప్పుడే చూసుకోవాలి.

ఫ్రేము గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. స్టీలు, అల్యూమినియం రెండూ బాగానే ఉంటాయి. బరువులో అరకిలో తేడాకు తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు. వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడి మాత్రం అడ్డంగా ఉండాలి. ఫిక్సీకి చైన్ సడలింపును సరిచేసే స్ప్రింగు ఉండదు కనుక చక్రాన్ని వెనక్కి లాగి చైన్ బిగించుకోవాలి. గాడి నిలువుగా ఉన్న ఫ్రేముల్లో ఆ వీలు లేదు. మూలన పడి ఉన్న పాత రోడ్డు సైకిల్‌ను ఫిక్సీగా మార్చుకుందామనుకునే వాళ్లు మొట్టమొదట చూడవలసింది ఈ గాడినే. 28 మిల్లీమీటర్ల టైరు పట్టేంత చోటు కూడా ఉంటే మంచిది. గుంత మీదికి పోతున్నప్పుడు కాళ్లు ఆపి, లేచి నిలబడి తేలిపోయే వెసులుబాటు ఈ సైకిల్ మీద లేదు కనుక ఆ దెబ్బను టైరే మింగాలి.

కొలత విషయంలో అందరూ సీటు ఎత్తే చూస్తారు. ఫిక్సీకి ఇంకో రెండు కొలతలు ముఖ్యం. ఒకటి క్రాంకు పొడవు. రోడ్డు సైకిళ్లకు 170, 172.5 మిల్లీమీటర్లు మామూలు. ఫిక్సీకి 165 మేలు. మలుపులో సైకిల్ వాలినప్పుడు లోపలివైపు పెడల్ కిందికి వస్తుంది, దాన్ని పైనే ఆపి ఉంచడం కుదరదు. అది నేలకు తగిలితే వెనక చక్రం అమాంతం లేచి పక్కకు జరుగుతుంది. క్రాంకు ఎంత పొట్టిదైతే అంత మేర తప్పుకుంటుంది. ట్రాక్ ఫ్రేముల్లో క్రాంకుల ఇరుసు రోడ్డు సైకిళ్ల కంటే ఎత్తులో ఉండేది కూడా ఇందుకే. రెండోది బూటు మొనకూ ముందు టైరుకూ మధ్య దూరం. సైకిల్ మీద కూర్చుని, పెడల్‌ను ముందుకు తెచ్చి, హ్యాండిల్ మెల్లగా తిప్పి చూడండి. బూటు టైరుకు తగులుతోందా? మామూలు సైకిల్ మీదైతే తగిలే వేళకు పాదాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ఫిక్సీ మీద పాదం దాని తిప్పున అది ముందుకే వస్తుంది. ఇరుకైన చోట మెల్లగా మలుపు తిరిగేటప్పుడు పడిపోయేది ఎక్కువగా ఇలాగే. చిన్న ఫ్రేముల్లో ఈ ఇబ్బంది ఎక్కువ కనుక పొట్టివాళ్లు ఇది తప్పక చూసుకోవాలి.

పాదాలు పెడళ్లను వదలకూడదు. దిగువలో ఒక్కసారి పాదం జారితే, గిరగిరా తిరిగే పెడల్ మీద దాన్ని మళ్లీ పెట్టడం చాలా కష్టం, పైగా ఆ పెడల్ పిక్కకు తగిలే దెబ్బ మామూలుగా ఉండదు. అందుకని వెడల్పాటి పట్టీలున్న పెడళ్లు తీసుకోండి. మామూలు బూట్లతోనే పాదం దూర్చవచ్చు, కంగారులో సులువుగా లాక్కోవచ్చు. బూటు కిందికి గట్టిగా అతుక్కునే రకం పెడళ్లు కాళ్లు అలవాటు పడ్డాక చూసుకోవచ్చు.

లోతైన రిమ్ములు పక్కగాలికి ముందు చక్రాన్ని తోసేస్తాయి. కోసి చిన్నది చేసిన హ్యాండిల్ సందుల్లో దూరడానికి పనికొస్తుందేమో గానీ, కాళ్లు ఎదురొత్తేటప్పుడు చేతులకు కావలసిన పట్టు ఇవ్వదు. భుజాల వెడల్పు హ్యాండిల్ ఉంటే ఆ ఒత్తిడిని రెండు చేతులూ సమంగా పంచుకుంటాయి.

కొన్నాక చేయవలసిన పనుల్లో చైన్ గురించి తప్పకుండా చెప్పాలి. చైన్ మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే సుమారు ఒక సెంటీమీటరు ఆడాలి. అంతకంటే ఎక్కువ ఆడితే కుదుపుల్లో ఊడి, వెనక చక్రంలో ఇరుక్కుని, చక్రాన్ని నిలబెట్టేసే ప్రమాదముంది. అసలు ఆడకపోతే హబ్ బేరింగులు అరుగుతాయి. చైన్‌వీళ్లు పూర్తి గుండ్రంగా ఉండవు కనుక క్రాంకును మెల్లగా తిప్పుతూ, చైన్ బాగా బిగుసుకునే చోటు కనిపెట్టి అక్కడ కొలవాలి.

తుడిచేటప్పుడు ఇంకా జాగ్రత్త. సైకిల్ తిరగేసి, చక్రం తిప్పి, తిరుగుతున్న చైన్‌కు గుడ్డ పట్టుకునే అలవాటు చాలామందికి ఉంటుంది. ఫిక్సీతో ఆ పని ఎప్పుడూ చేయకండి. గుడ్డ అంచు పళ్లకు చిక్కితే వేళ్లను కూడా లోపలికి లాగేసుకుంటుంది. మామూలు సైకిల్లోనైతే పెడళ్లను పట్టి ఆపవచ్చు. ఇక్కడ తిరుగుతున్న చక్రం బరువంతా చైన్‌ను లాగుతూనే ఉంటుంది. ఇలా వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. చక్రాన్ని పూర్తిగా ఆపి, కొద్దికొద్దిగా చేత్తో జరుపుకుంటూ, ఆగి ఉన్న భాగాన్ని మాత్రమే తుడవాలి. పిల్లలున్న ఇంట్లో సైకిల్‌ను తిరగేసి వదిలేయకూడదు. వేలాడే బూటు లేసులు, వదులు ప్యాంటు అంచులు కూడా చైన్‌కు అందకుండా కట్టుకుని బయల్దేరాలి.

ఇవన్నీ చూసుకున్నాక, డబ్బు ఇచ్చేముందు, బండ్లు తిరగని ఖాళీ చోట ఒకసారి తొక్కి చూపించమని అడగడం కాదు, మీరే తొక్కండి. సీటు ఎత్తు మీకు సరిచేయించుకుని, నడక వేగంలో మొదలుపెట్టండి. ముందు బ్రేకు మీద రెండు వేళ్లు ఉంచి, బ్రేకు నొక్కకుండా, పైకి వస్తున్న పెడల్‌ను కాలితో మెల్లగా అదిమి వేగం తగ్గించి చూడండి. సమతలం మీద, నడక వేగం నుంచి, కాళ్లతోనే పెనుగులాట లేకుండా ఆగగలిగితే ఆ గేరు మీకు సరిపోయినట్టే. ఆగడానికి ఒళ్లంతా బిగబట్టవలసి వస్తే వెనక పళ్లచక్రాన్ని ఇంకో రెండు పళ్లు పెద్దది వేయించి మళ్లీ ప్రయత్నించండి. తర్వాత కొంచెం వేగం పెంచి ముందు బ్రేకుతో ఆపండి. రెండూ కలిపి ఆపండి. ఎడమకూ కుడికీ చిన్న మలుపులు తిరిగి బూటు మొన టైరుకు తగలడం లేదని నిర్ధారించుకోండి. వెనక్కి ఒత్తినప్పుడల్లా హబ్ దగ్గర ‘టక్’మనే శబ్దంగానీ, పెడల్ పట్టు దొరికేలోగా కాస్త ఖాళీగా ఆడటంగానీ గమనిస్తే అక్కడే దిగి, లాక్‌రింగ్ చూపించమనండి.